ఎక్కడి నుంచి? ఎక్కడికి?

టిఫిన్ హోటల్లో మనం ఆర్డరిచ్చే తీరు ఎప్పుడైనా గమనించారా? ‘‘రెండు దోసెలు బాబూ, ఉల్లి వద్దు, నెయ్యి వేసి, పార్సిల్’’ అంటాం. పక్క బల్ల దగ్గరి పెద్దాయన అదే మాటను తిరగేసి, ‘‘పార్సిల్... నెయ్యి దోసె... రెండు... ఆఁ, ఉల్లి వెయ్యకు’’ అంటాడు. సర్వర్‌కి రెండూ ఒకటే. ఏ మాట ముందొచ్చిందన్నది అతనికి పట్టదు. ఏ మాట దేని గురించో తెలిస్తే చాలు. ‘‘జున్ను దోసె ఉందా?’’ అనడిగితే ‘‘లేదండీ’’ అని చెప్పేస్తాడు. అంతేగానీ తనకు తోచిందేదో తెచ్చి మన ముందు పెట్టి బిల్లు వెయ్యడు.

ఈ మాత్రం ఇంగితం లేని ఓ చిన్న ప్రోగ్రాం మా బావగారింట్లో చేసిన నష్టం గురించి ఈ వారం చెప్పాలనిపిస్తోంది. కంప్యూటర్ కబురే గానీ భయపడకండి. దోసె ఆర్డరివ్వడం తెలిసినవాళ్లందరికీ అర్థమవుతుంది.

పాటలు పోయిన రాత్రి

మా బావగారిది తెనాలి. వాళ్లమ్మగారు, అంటే నాకు వరసకు అత్తయ్యగారు, పాత పెళ్లిపాటలకు ఆ వీధిలో పేరుమోసిన మనిషి. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఏ పుస్తకమూ లేకుండా పాడేవారు. ఆవిడ చివరి రెండేళ్లలో బావగారు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ ఫోన్లో రికార్డు చేశారు. మొత్తం 37 పాటలు. వాటన్నిటినీ ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ‘పాటలు’ అని ఒక ఫోల్డర్ పెట్టుకున్నారు. ఫోన్ నిండిపోతోందని అందులోంచి తీసేశారు కూడా.

ఆ ల్యాప్‌టాప్ ముసలిదైపోతే మా మేనల్లుడు దాన్లో లినక్స్ వేసిచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. నాన్నగారి పాటలు భద్రంగా ఉండాలని ఓ బ్యాకప్ స్క్రిప్టు కూడా రాసిచ్చాడు. నల్ల కిటికీలో స్క్రిప్టు పేరు కొట్టి, పక్కన రెండు పేర్లు కొట్టాలి. మొదటిది ఎక్కడి నుంచి, రెండోది ఎక్కడికి. మొదటి చోట ఉన్నది ఉన్నట్టు రెండో చోటికి వెళుతుంది. రెండో చోట అదనంగా ఏమైనా ఉంటే తుడిచేసి, రెండింటినీ అద్దంలో బొమ్మలా ఒకేలా చేస్తుంది.

ఏడాదిపాటు బాగానే నడిచింది. అత్తయ్యగారు పోయాక, సంవత్సరీకాల ముందు, బావగారు చెల్లెళ్లకిద్దామని కొత్త పెన్‌డ్రైవ్ కొని తెచ్చారు. రాత్రి పదకొండు గంటలకి, కళ్లజోడు సర్దుకుని, ముందు పెన్‌డ్రైవ్ పేరు కొట్టి తర్వాత ‘పాటలు’ అని కొట్టారు.

స్క్రిప్టు తనకు చెప్పింది చెప్పినట్టు చేసింది. ఖాళీ పెన్‌డ్రైవ్‌ని ఆదర్శంగా తీసుకుని, పాటల ఫోల్డర్‌ని కూడా అచ్చం అలాగే ఖాళీ చేసింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క హెచ్చరిక లేదు. పని సవ్యంగా అయితే నోరు మెదపకపోవడం ఆ వ్యవస్థలో మొదట్నుంచీ ఉన్న సంప్రదాయం. బావగారు ‘అయిపోయింది’ అనుకుని పడుకున్నారు. తెల్లారి చూసుకున్నారు.

ఆయన నాకు ఫోన్ చేసి ఒకటే మాటన్నారు: ‘‘నేనేదో తప్పు నొక్కానోయ్.’’

తప్పు ఎవరిది?

నా మట్టుకు నేను ఆ తప్పు బావగారిది అనుకోను. మేనల్లుడితో అదే అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘నిజమే మావయ్యా, నాకు గుర్తుంటుంది కదా అని అలా రాసేశాను’’ అన్నాడు.

అసలు స్క్రిప్టు అంటే ఏమిటో ముందు చూద్దాం. లినక్స్‌లో నల్ల కిటికీ వెనక కూర్చుని మనం కొట్టినదాన్ని చదివే ప్రోగ్రాం పేరు షెల్. రోజూ కొట్టే ఆజ్ఞల్ని ఒక కాగితం మీద వరసగా రాసిపెట్టి ‘ఇది చదివి చెయ్యి’ అంటే అదే షెల్ స్క్రిప్టు. వంటమనిషికి రాసిచ్చిన చీటీ లాంటిది.

మనం స్క్రిప్టు పేరు పక్కన కొట్టిన మాటల్ని షెల్ ఖాళీ జాగా ఉన్నచోటల్లా విడగొట్టి, వాటికి నంబర్లు వేసి లోపలికి అందిస్తుంది. మొదటి మాట $1, రెండో మాట $2. మొత్తం ఎన్ని మాటలొచ్చాయో $# చెబుతుంది. మేనల్లుడి స్క్రిప్టు $1 నుంచి $2కి అద్దం పట్టమంది. అంతే. ఏ మాట దేని గురించో దానికి తెలీదు. ఏది ముందొచ్చిందో మాత్రమే తెలుసు. హోటల్ సర్వర్‌కీ దానికీ ఉన్న తేడా అక్కడే.

ఈ జబ్బుకి మందు కొత్తదేం కాదు, యూనిక్స్ అంత పాతది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌కి శ్రీకారం చుట్టారు. 1971 నాటి మొదటి మాన్యువల్‌లోనే, ఫోల్డర్లో ఏమున్నాయో చూపించే ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞ పక్కన ఒక చిన్న గీత, దాని పక్కన ఒక అక్షరం కనిపిస్తాయి. ఆ గీతే హైఫన్. హైఫన్‌తో మొదలైన మాట వస్తువు పేరు కాదు, ఆ పని ఎలా చెయ్యాలో చెప్పే మాట అని గుర్తు. దీన్నే ఆప్షన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే ‘ఉల్లి వద్దు’, ‘నెయ్యి వేసి’ లాంటివి.

ఒక్క అక్షరమే ఎందుకంటారా? అప్పట్లో చాలామందికి తెర ఉండేది కాదు. టైప్‌రైటర్ లాంటి టెలిటైప్ మీద కొడితే కాగితం మీద అచ్చయ్యేది. మోడల్ 33 అనే టెలిటైప్ సెకనుకి 10 అక్షరాలే కొట్టేది. దాని మీటలు నొక్కాలంటే వేళ్లు నొప్పెట్టేవి. అలాంటప్పుడు ఎవరైనా పొదుపుగానే మాట్లాడతారు మరి!

అందరికీ ఒకే పద్ధతి

మొదట్లో ఎవరి ప్రోగ్రాం వాళ్లది, ఎవరి పద్ధతి వాళ్లది. ఒకరు రెండు ఆప్షన్లను కలిపి రాయనిచ్చేవారు, ఒకరు విడిగా రాయమనేవారు. ఈ గోల వదిలించడానికి ఏటీ అండ్ టీ వాళ్లు ‘గెటాప్ట్’ అనే చిన్న ప్రోగ్రాం ముక్క తయారుచేశారు. 1985లో డల్లాస్ నగరంలో జరిగిన యూనిఫోరం సదస్సులో దాని మూలాన్ని ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా ఇచ్చేశారు. షెల్ స్క్రిప్టుల కోసం మొదట అదే పేరుతో విడిగా ఒక ఆజ్ఞ ఉండేది. దానికో లోపం. ‘అమ్మ పాటలు’ అని మధ్యలో ఖాళీ ఉన్న పేరు ఇస్తే అది రెండు ముక్కలయ్యేది. ఆ తర్వాత షెల్ లోపలే ఉండేలా ‘గెటాప్ట్స్’ వచ్చింది. చివర ‘స్’ ఉన్న ఈ తమ్ముడు పేర్లను విరగ్గొట్టడు. నేటికీ ఏ లినక్స్‌లోనైనా, మ్యాక్‌లోనైనా సిద్ధంగా ఉంటాడు.

దీనికి మనం ఇవ్వాల్సింది ఒక మెనూ కార్డు. మా ఇంటి స్క్రిప్టుకి మేం అయిదు అక్షరాలు పెట్టుకున్నాం. ఎస్ అంటే ఎక్కడి నుంచి (సోర్స్). డి అంటే ఎక్కడికి (డెస్టినేషన్). ఎన్ అంటే ఉత్తుత్తి పరీక్ష, ఏం చేస్తానో చెబుతాను గానీ చెయ్యను అని. ఎక్స్ అంటే అక్కడ అదనంగా ఉన్నవి తుడిచెయ్యి అని. హెచ్ అంటే సహాయం.

మెనూ కార్డులో ఎస్ రాసి పక్కన రెండు చుక్కలు, అంటే కోలన్ పెట్టాలి. ‘దీని వెంట ఇంకో మాట రావాలి’ అని దానర్థం. ‘ఎన్ని ప్లేట్లు?’ అన్నదానికి ఓ అంకె రావాలి కదా, అలా. డి పక్కన కూడా కోలన్. మిగతా మూడింటికీ అక్కర్లేదు. ‘ఉల్లి వద్దు’ అన్నాక ఇక చెప్పేదేముంది? మొత్తానికి ఆ మెనూ కార్డు ఇంత: ఎస్, కోలన్, డి, కోలన్, ఎన్, ఎక్స్, హెచ్. మధ్యలో ఖాళీల్లేకుండా, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. వీటన్నిటికీ ముందు ఇంకో కోలన్ పెడితే, ‘తప్పు దొరికితే నువ్వు అరవకు, నాకు చెప్పు, నేను మాట్లాడతా’ అని అర్థం. అలా పెట్టుకుంటే తప్పుల గురించిన సందేశాలు చక్కగా తెలుగులోనే రాసుకోవచ్చు.

ఇక గెటాప్ట్స్ ఒక్కో ఆప్షన్‌నీ తీసి చేతికందిస్తూ పోతుంది. దాని వెంట వచ్చిన మాటను ‘ఆప్ట్‌ఆర్గ్’ అనే డబ్బాలో పెడుతుంది. ఎన్నో మాట దాకా వచ్చిందో ‘ఆప్ట్‌ఇండ్’ అనే లెక్కలో రాసుకుంటుంది. మెనూలో లేని అక్షరం వస్తే ప్రశ్నార్థకం చేతిలో పెడుతుంది. రావాల్సిన మాట రాకపోతే కోలన్ పెడుతుంది. ఈ రెండింటికీ మనం చెప్పాల్సిన సమాధానం ఒకటే: ‘‘అర్థం కాలేదు, ఆగిపోతున్నాను.’’

అర్థం కాని మాటను పట్టించుకోకుండా మిగతా పని కానిచ్చెయ్యడం మొహమాటస్తుల లక్షణం. మనుషుల్లో బాగుంటుందేమో గానీ స్క్రిప్టుల్లో పనికిరాదు.

ఖాళీ చేతులు, ఖాళీ జాగాలు

ఆప్షన్లు పెట్టాం కదా, ఇక నిశ్చింత అనుకున్నాం. మేనల్లుడు ఓ గమ్మత్తు చూపించాడు. ఎస్ పక్కన పేరు మర్చిపోయి, -ఎస్ -డి పెన్‌డ్రైవ్ అని కొట్టాడు. గెటాప్ట్స్ ఏం చేసిందో తెలుసా? ఎస్ వెంట ఓ మాట రావాలి, వచ్చింది ‘-డి’, కాబట్టి ఎక్కడి నుంచి అంటే ‘-డి’ నుంచి అనుకుంది! డి అన్నది అసలు రాలేదనే దాని లెక్క. గెటాప్ట్స్ మాటల్ని విడదీసి ఇస్తుందే గానీ, వాటిలో అర్థం ఉందో లేదో చూసుకోవాల్సింది మనమే. ఎక్కడి నుంచి అన్నది నిజంగా ఉన్న ఫోల్డరేనా? అందులో ఏమైనా ఉందా? ఎక్కడికి అన్నది ఖాళీగా వదిలేశారా? ఈ మూడు ప్రశ్నలూ అడగందే ముందుకు కదలకూడదు.

ఇవి చాదస్తం ప్రశ్నలనుకోకండి. పెద్దపెద్దవాళ్లే దెబ్బతిన్నారు. 2001 నవంబరులో యాపిల్ సంస్థ మ్యాక్‌ల కోసం ఐట్యూన్స్ 2 విడుదల చేసింది. దాన్ని ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులో డిస్కు పేరు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టలేదు. పేరులో ఖాళీ జాగా ఉన్న డిస్కులవాళ్లలో కొందరి ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సంస్థ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 ఇవ్వాల్సొచ్చింది. రెండు కొటేషన్ గుర్తుల ఖరీదు అది! $1 అని రాసేచోట "$1" అని కోట్స్‌లో రాస్తే, ‘అమ్మ పాటలు’ ఒకే పేరుగా ఉంటుంది. లేకపోతే ‘అమ్మ’ ఒకటి, ‘పాటలు’ ఒకటి.

2015 జనవరిలో లినక్స్ మీద ఆటలాడుకునే స్టీమ్ ప్రోగ్రాం స్క్రిప్టులో ఇంకో వింత బయటపడింది. ‘ఫలానా ఫోల్డర్ కింద ఉన్నవన్నీ తుడిచెయ్’ అని ఒక వరస ఉంది. ఒక పరిస్థితిలో ఆ ‘ఫలానా’ ఖాళీ అయిపోయింది. ఇక మిగిలిందేమిటి? ‘మొదలంటా ఉన్నవన్నీ తుడిచెయ్!’ ఫోల్డర్‌ని వేరేచోటికి మార్చుకున్న ఓ వినియోగదారుడి సొంత ఫైళ్లన్నీ, బయట తగిలించిన డిస్కుతో సహా, పోయాయి. చిత్రమేమిటంటే, ఆ వరస రాసినవాళ్లే దాని పైన ‘స్కేరీ!’ (భయమేస్తోంది) అని రాసుకున్నారు. భయమేసిన చోట ఒక తాళం కూడా వేసుంటే సరిపోయేది. షెల్‌లో ఆ తాళం ఉంది. వాడే పేరును మీసాల బ్రాకెట్లలో పెట్టి, పేరు వెనక :? అని రాస్తే, అది ఖాళీగా ఉన్న క్షణాన స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది.

పూర్ణం ఎక్కడ?

మరో తిరకాసు ఉంది. ఏ ఫైలు పేరైనా హైఫన్‌తోనే మొదలైతే? పెళ్లింట్లో ‘‘పూర్ణం ఎక్కడ?’’ అని మేనమామ పూర్ణంగారి కోసం కేకేస్తే, వంటాయన బూరెల్లోకి చేసిన పూర్ణం గిన్నె పట్టుకొచ్చినట్టవుతుంది. మనం పేరనుకున్నది ప్రోగ్రాం ఆప్షన్ అనుకుంటుంది.

దీనికోసం పెద్దలు రెండు హైఫన్ల కంచె వేశారు: --. ‘ఇక్కడితో ఆప్షన్లు సరి, ఇక వచ్చేవన్నీ పేర్లే’ అని దానర్థం. స్క్రిప్టు లోపల తుడిచే ఆజ్ఞనో, కాపీ ఆజ్ఞనో పిలిచేటప్పుడు పేరుకి ముందు ఈ కంచె వేస్తే పూర్ణంగారు మనిషిగానే ఉంటారు.

ఒక్క అక్షరం ఆప్షన్లు గుర్తుండవనేవాళ్లకి పూర్తి మాటల ఆప్షన్లు కూడా ఉన్నాయి. రెండు హైఫన్లు పెట్టి వెంటనే మాట రాస్తారు. గ్నూ ప్రోగ్రాంలు వీటికి బాగా ప్రచారం తెచ్చాయి. అయితే గెటాప్ట్స్‌కి ఇవి రావు. లినక్స్‌లో విడిగా ఉండే కొత్త తరం ‘గెటాప్ట్’ వాడుకోవాలి, లేదా ఒక్కో మాటా మనమే చూసుకుంటూ ‘షిఫ్ట్’తో పక్కకు జరుపుకుంటూ పోవాలి. మా ఇంటికి అయిదు అక్షరాలే చాలనుకున్నాం.

కొత్త స్క్రిప్టు

పోయిన నెల్లో ఓ ఆదివారం మేనల్లుడు, నేను తెనాలిలో కూర్చుని స్క్రిప్టు తిరగరాశాం. నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నవి పేరుపెట్టి చెప్పాలి, వరసను నమ్మకూడదు. రెండు, తుడిచే పని అడిగితే తప్ప చెయ్యకూడదు. మొదటి స్క్రిప్టులో అది అడక్కుండానే జరిగేది. ఇప్పుడు ఎక్స్ అని చెబితేనే. మూడు, ‘ఎక్కడి నుంచి’ అన్నది ఖాళీ ఫోల్డరైతే ఆగిపోవాలి. నాలుగు, ఏం అర్థం కాకపోయినా ఆగిపోవాలి, ఎందుకు ఆగిందో తెలుగులో చెప్పాలి. ఆగేటప్పుడు సున్నా కాని అంకె ఒకటి తిప్పి పంపాలి. సున్నా అంటే క్షేమం, ఇంకేదైనా అంటే తేడా జరిగిందని ఆ లోకంలో ఒప్పందం. ఒకవేళ ఈ స్క్రిప్టుని ఇంకో స్క్రిప్టు పిలిచినా దానికి సంగతి తెలుస్తుంది.

ఇంతా చేస్తే అరవై వరసలు దాటలేదు. పాతది మూడు వరసలు. ఆ మిగతా వరసలన్నీ ఒక్క పనికే: అడగడానికి.

పోయిన పాటల సంగతి కూడా చెప్పాలి కదా. తుడిచిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాంలు ఉన్నాయి గానీ, ఆ ల్యాప్‌టాప్‌లో పాత డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డి వేశాం. అందులో తుడిచినవి మళ్లీ దొరకడం చాలా కష్టం. పాత పెన్‌డ్రైవ్‌లో మిగిలున్నాయేమో అనుకుంటే, బావగారు దాన్ని అంతకుముందే ఖాళీ చేసి మనవడి స్కూల్ ప్రాజెక్టుకిచ్చేశారు. చివరికి చెల్లెళ్ల ఫోన్లలో, ఎప్పుడో వాట్సాప్‌లో పంపినవి 21 దొరికాయి. తక్కిన 16 దొరకలేదు. ఆ పదహారింటి పేర్లూ బావగారి నోటుబుక్కులో ఉన్నాయి. పాట మొదలు గుర్తున్నవాళ్లు ఊళ్లో ఎవరైనా ఉన్నారేమోనని ఆయన ఇప్పుడు అడుగుతున్నారు. పాట దొరుకుతుందేమో గానీ ఆ గొంతు దొరకదు.

కొత్త స్క్రిప్టుని మొదట నడిపింది బావగారే. మేం వద్దంటున్నా, కావాలనే ఎస్ పక్కన ఖాళీ పెన్‌డ్రైవ్ పేరు, డి పక్కన ‘పాటలు’ కొట్టి ఎంటర్ నొక్కారు. నాకు గుండె ఝల్లుమంది. తెర మీద ఒక వరస వచ్చింది: ‘‘ఎక్కడి నుంచి తీసుకోమన్నారో అక్కడ ఏమీ లేదు. ఏమీ చెయ్యకుండా ఆగిపోయాను.’’

బావగారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత వంటింటి వైపు చూసి, ‘‘ఇదేదో మీ అక్కలా ఉందయ్యా. సంచీ ఉందా, డబ్బులున్నాయా, ఏం తేవాలో గుర్తుందా అని అడగందే బజారుకి కదలనివ్వదు’’ అన్నారు.

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది: ‘‘అడిగినా మీరు కొత్తిమీర మర్చిపోయారు.’’

మీ ఇంట్లో కూడా ఎవరో రాసిచ్చిన బ్యాకప్ ఒకటి నడుస్తూ ఉంటే, ఈ ఆదివారం ఓ పని చెయ్యండి. ముందు ఆ ఫైళ్లను ఇంకోచోటికి విడిగా కాపీ చేసి పెట్టుకోండి. ఆ తర్వాత రాసిచ్చినవాళ్లని పిలిచి, ‘నేను పేర్లు తిరగేసి కొడితే ఇదేం చేస్తుంది?’ అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు తడుముకుంటే, ఆ స్క్రిప్టుకి ఇంకా కొన్ని వరసలు బాకీ ఉన్నట్టే.